తాయారు పెట్టిన తూముల పరీక్ష

పైడివాగు రాజు వేణుగోపాల భూపతికి ఒకనాడు ఒక ముచ్చట పుట్టింది. ఆ రాజ్యంలో కాలువ తూములను కంప్యూటరే తెరుస్తుంది, కంప్యూటరే మూస్తుంది. ఏ ఊరి వంతు ఏ తేదీనో దానికి తెలుసు. దాని తెర మీద తన పేరు బంగారు రంగులో మెరవాలన్నాడు రాజు.

ఆస్థాన ప్రోగ్రామరు సర్వోత్తమరావు ఆ కోరిక ఒక్క పూటలో తీర్చేశాడు. పేరు మెరిసింది. నెలాఖరున రెల్లిగూడెం తూము మాత్రం తెరుచుకోలేదు.

ఊరివాళ్ళు ఎండిన నారు కట్టలు తెచ్చి సభలో పరిచారు. వాళ్ళలో సన్యాసమ్మ అనే పెద్దావిడ అంది, "తమ పేరు బాగా మెరుస్తోందంట బాబూ. మెరుపుతో మడి తడవదు గదా."

రాజుకి తల కొట్టేసినట్టయింది.

"ఈరోజు చేసిన మార్పు నిన్నటి పనిని చెడగొట్టకూడదు. దానికి ఉపాయం చూపినవారికే ఆస్థాన ప్రోగ్రామరు పదవి" అన్నాడు.

సర్వోత్తమరావు ఉత్తరీయం సర్దుకుని లేచాడు. "నా కన్నుండగా వేరే ఉపాయం దేనికి ప్రభూ? తూము సంగతంటారా, అది ఎలకల పని. తీగ కొరికేశాయి."

ఆయన స్వయంగా కోడు రాసి ఎనిమిదేళ్ళయింది. కిందివాళ్ళు రాసినదాని మీద తన పేరు పెట్టుకునేవాడు. ఆ పేరు మాత్రం మహా శ్రద్ధగా రాసేవాడు. అందులో ఏనాడూ ఒక్క అక్షరం తప్పు పోలేదు.

తూముల కచేరీలో చిన్న ఉద్యోగి మంగతాయారు చెయ్యెత్తింది.

"కన్ను అలిసిపోతుంది ప్రభూ. ఏ ఊరి తూము ఏ తేదీన తెరుచుకోవాలో ఒక్కో చిన్న పరీక్షగా రాసిపెడతాను. ఎవరు ఒక్క అక్షరం మార్చినా, అది తూముల దాకా పోకముందే పక్కన పెట్టిన ఇంకో కంప్యూటరు తనంతట తానే ఆ పరీక్షలన్నీ పెడుతుంది. ఒక్కటి తప్పినా ఆ మార్పు గడప దాటదు."

"నా రాతను యంత్రం దిద్దుతుందా?" అన్నాడు సర్వోత్తమరావు. "రేపు మా ఇంట్లో కూరకి గరిటె వంకలు పెడుతుంది కాబోలు."

సభ నవ్వింది. పదవిలో ఉన్నవాడి మాటకి సభ ఎప్పుడూ నవ్వుతుంది.

తాయారు పది రోజులు గడువడిగింది. పదకొండో రోజున యంత్రాన్నీ, రెండు కాగితాల కట్టలనీ తెచ్చి రాజు ముందు పెట్టింది.

"రెండూ తూముల ప్రోగ్రాములే ప్రభూ. ఒక అట్ట మీద రావుగారి పేరుంది, రెండో దాని మీద నా పేరుంది. ముందు రావుగారి కన్ను చూడాలి, తర్వాత యంత్రం."

సర్వోత్తమరావు తన పేరున్న అట్ట తెరిచి, రెండు కాగితాలు తిప్పి, కళ్ళు మూసుకున్నాడు. "ముత్యాల కోవ. దీన్ని దిద్దాలంటే రాసినవాడే మళ్ళీ పుట్టాలి."

రెండోది తెరిచీ తెరవకముందే ముక్కు చిట్లించాడు. "ఇది కోడా, కోడి గెలికిన పెంటా? ఈ వరుస చూడండి, ఎంత మొరటుగా ఉందో. ఇది రాసినవాళ్ళని తూముల చుట్టుపక్కలకి రానివ్వకూడదు." గుక్క తిప్పుకోకుండా పద్దెనిమిది తప్పులు పట్టాడు.

తాయారు రెండింటినీ యంత్రానికిచ్చింది. రెండుసార్లూ ఎర్రదీపమే వెలిగింది. తెర మీద రెండుసార్లూ ఒకే మాట వచ్చింది: నాలుగు వందల పదకొండు పరీక్షలు సరి, ఒకటి తప్పు. ముప్పై ఒకటో తేదీన రెల్లిగూడెం తూము తెరుచుకోదు.

సర్వోత్తమరావు చప్పట్లు కొట్టాడు. "చూశారా ప్రభూ, ముత్యాలకీ పెంటకీ ఒకటే తీర్పు. దీనికి తేడా తెలియదు."

తాయారు నెమ్మదిగా అంది:

"తెలియదండీ. దానికి అట్ట మీది పేరు కనపడదు."

రాజు రెండు అట్టలూ చింపి పక్కన పెట్టాడు. లోపలి కాగితాలు పక్కపక్కన పెట్టి చూశాడు. మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా రెండూ ఒకటే. పోయిన నెల సర్వోత్తమరావు పేరుతో తూములకి వెళ్ళిన ప్రోగ్రామే అది. బంగారు రంగు వేస్తూ తేదీల దగ్గర చెయ్యి పెట్టారు, అక్కడ ముప్పై ఒకటి ఎగిరిపోయింది.

"ఇందులో ముత్యాలెన్ని, పెంట ఎంత సర్వోత్తమరావుగారూ?" అన్నాడు రాజు.

"మొదటిది చూసినప్పుడు వెలుతురు చాల్లేదు ప్రభూ" అన్నాడాయన, మిట్టమధ్యాహ్నం వేళ.

సన్యాసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా నవ్వు ఆగలేదు.

రాజు అప్పటికప్పుడే రెల్లిగూడేనికి దివాణం మళ్ళ నుంచి నారు పంపించాడు. సర్వోత్తమరావును తేదీలు నేర్చుకోవడానికి పంచాంగం ఇచ్చి ఇంటికి పంపాడు. తాయారుకి శాలువా కప్పి, ఆస్థాన ప్రోగ్రామరు ముద్ర చేతిలో పెట్టాడు. ఆ తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు.

"మరి నేనే ఏదైనా మార్పు పంపితే?"

"ఏలినవారి పేరు కూడా దానికి కనపడదు ప్రభూ."

సభ బిగుసుకుపోయింది. ముందుగా రాజే పగలబడి నవ్వాడు. ఇక నవ్వినా ఫరవాలేదని రూఢి చేసుకున్నాక సభంతా నవ్వింది.