గుహ రైల్లో ఇరవై మూడు జతల కళ్ళు

నేను ఇంతకు ముందెప్పుడూ ఏదీ రాయలేదు. చదివింది ఐదో తరగతి. సరుకుల చీటీ తప్ప కాగితం మీద నా చెయ్యి నడిచింది లేదు. "నేను" అని మొదలుపెడితే సిగ్గేసి కలం ఆగిపోతోంది. అందుకని నూకరత్నం అని ఒక పేరు పెట్టుకుని, ఎవరి సంగతో చెప్పినట్టు చెబుతాను. తప్పులుంటే మన్నించండి.

నూకరత్నానికి ఒక దిగులు పట్టుకుంది. ఆమె రంగులేసిన బొమ్మల్ని చూసి పిల్లలు నవ్వడం లేదు. పోనీ, భయపడటమూ లేదు.

ఆమె పనిచేసేది సముద్రం ఒడ్డున ఉన్న ఒక వినోదాల పార్కులో. గేటు దాటగానే జెయింట్ వీలు, ఆ పక్కన నీళ్ళ జారుడుబల్లలు, గిరగిరా తిరిగే కప్పుసాసర్లు. అన్నిటికీ వెనకాల, సిమెంటుతో కట్టిన కొండలో గుహ రైలు. ఆరు చిన్న పెట్టెల రైలు ఆ కొండలోకి దూరి, చీకట్లో నాలుగు మలుపులు తిరిగి అవతల బయటపడుతుంది. మలుపు మలుపుకీ రంగుదీపాల కింద బొమ్మలు. జడలు కట్టిన మాంత్రికుడు, కోరమీసాల రాక్షసుడు, చెక్కగుర్రం మీద రాకుమారుడు, అట్లకాడ పట్టుకున్న పూటకూళ్ళ పెద్దమ్మ, ఇంకా వాళ్ళ వాళ్ళు. మొత్తం ఇరవై మూడు. అందరూ మనిషెత్తు మనుషులే.

ఆ బొమ్మల్ని పోసింది దస్తగిరి ఉస్తాదు. వయసులో ఉండగా నాటకాల కంపెనీలకి తెరలు రాసినాయన. నూకరత్నం పెనిమిటి పోయాక, పిల్లాజెల్లా లేని మనిషి, రంగుల షెడ్డు ఊడవడానికి కుదిరింది. ఊడుస్తూ ఊడుస్తూ చూసేది. ఒకనాడు ఉస్తాదు ఆమె చేతిలోంచి చీపురు తీసుకుని గోడకి ఆనించి, కుంచె పెట్టాడు. "ఇదీ ఊడవడమేనమ్మా. కాకపోతే మెల్లగా" అన్నాడు.

ఆయన దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. బొమ్మ మొత్తం పూర్తయి, నగానట్రా కూడా పెట్టాక, ఆఖరున కళ్ళు. కళ్ళు పెట్టేవేళ రెండో మనిషి అక్కడ ఉండకూడదు. తలుపు వేసుకుని, లోపల తనలో తాను ఏదో అనుకుని, కుంచె ఎత్తేవాడు. "కళ్ళు తెరిచాక అది ముందు చూసేది ఒక్క ముఖాన్నేనమ్మా. ఆ ముఖంలో విసుగు ఉండకూడదు" అనేవాడు.

రెండేళ్ళ కిందట తుపాను వచ్చి గుహలోకి నీళ్ళు పోయాయి. బొమ్మల రంగులన్నీ పొక్కులు లేచి ఊడిపోయాయి. అప్పటికే ఉస్తాదు చెయ్యి వణుకుతోంది. కళ్ళ కుంచె తెచ్చి ఆమె చేతిలో పెట్టి, ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆ ఎండాకాలమంతా నూకరత్నం ఒక్కర్తే గుహలో ఉండి, పనిలైటు పెట్టుకుని, ఇరవై మూడు బొమ్మలకీ రంగులు వేసింది. ఆఖరున కళ్ళు పెట్టింది. అన్నీ అయ్యాక ఉస్తాదు వచ్చి, కర్ర పొడుచుకుంటూ లోపలంతా తిరిగి చూశాడు. బాగుందనీ అనలేదు, బాగులేదనీ అనలేదు. "టీ తాగుదామా?" అన్నాడు. ఉస్తాదు వంక పెట్టలేదంటే అంతకన్నా మెచ్చుకోలు ఏముందని నూకరత్నం లోలోపల పొంగిపోయింది. అప్పట్నించీ ఎవరేమన్నా ఆమెకి ఆనేది కాదు.

పార్కు తెరవకముందే, ఎనిమిదింటికల్లా వెనక తలుపులోంచి గుహలోకి వెళ్ళి, లైటు వేసి, బొమ్మల దుమ్ము దులపడం ఆమె పని. దులుపుతూ పలకరించేది.

"ఏటి పెద్దమ్మా, లేచినావా?"

"ఏటిరా మీసాలూ, ఆ చూపేటి? నానేటి నీ కూడు తిన్నానా?"

వాళ్ళంతా ఆమెనే చూస్తూ ఉండేవారు. సూటిగా, కళ్ళలోకి. చాలా రోజులు ఆమె నోట వచ్చే మాటలు అవే. ఇంటికెళితే గోడ, పొయ్యి, మళ్ళీ గోడ.

ఈ ఏడు పార్కుకి వేరే కబురు వచ్చింది. టీవీలో గుండు రాకెట్ అని పిల్లల బొమ్మల ఆట ఒకటి వస్తుంది. నున్నటి గుండు పిల్లాడు రాకెట్టు మీద కూచుని ఊళ్ళు తిరుగుతాడు. ఊళ్ళో ఏ పిల్లాడి చొక్కా చూసినా వాడే, ఏ నీళ్ళసీసా చూసినా వాడే. ఆ బొమ్మలు చేసే పట్నం కంపెనీ వాళ్ళు, గుహంతా గుండు రాకెట్ లోకంగా మార్చేస్తామని వచ్చారు. మచ్చుకి ఒక బొమ్మని ఆఖరి మలుపులో పెట్టి వెళ్ళారు.

మేనేజరు వర్మ గారు సోమవారం నాడు ఆమెని పిలిచారు. మంచాయనే.

"నూకరత్నం గారూ, నెల్లాళ్ళుగా రైలు బయటికొచ్చే చోట నిలబడి చూస్తున్నానండి. పిల్లలు లోపలికి అరుచుకుంటూ వెళ్తారు. లోపల మూడు మలుపులు చడీచప్పుడూ ఉండదు. ఆఖరి మలుపులో ఒక్కసారి కేకలు. ఆ గుండుగాణ్ణి చూసి. బయటికొచ్చి వాడి గురించే చెప్పుకుంటారు. రాక్షసుడు ఎలా ఉన్నాడ్రా అని ఒక పిల్లాణ్ణి అడిగాను. ఏ రాక్షసుడు అన్నాడు."

ఆమె చీర చెంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"శుక్రవారం యజమానులు వచ్చి రైలెక్కుతారు. అలాగే ఉంటే బొమ్మలన్నీ తీసి పంపుషెడ్డు వెనకాల వేసెయ్యమంటారు. ఈలోగా ఏమైనా చెయ్యగలరేమో చూసుకోండి. నేను చెప్పగలిగింది ఇదే."

ఆమె గుహకి వచ్చింది. ఆఖరి మలుపుకి వెళ్ళి ఆ గుండు పిల్లాణ్ణి చూసింది. అచ్చులో పోసిన ముఖం. ముక్కు పక్కన రంగు గీత దాటి కారింది. కళ్ళయితే రెండు నల్ల బొత్తాలు అతికించినట్టు, చూపు ఎక్కడో కింద, ఆమె మోకాళ్ళ మీద. మనిషి వంక చూడనైనా రాదు.

"ముండమొయ్య, కళ్ళు పెట్టడం కూడా చేతకాలేదు" అనుకుంది.

మంగళవారం పార్కుకి సెలవు. ఆ రోజున ఉస్తాదు షెడ్డు దగ్గరికి వచ్చి టీ తాగి వెళ్ళడం వాడుక. మధ్యాహ్నం ఆయన రాగానే, గ్లాసు చేతికిస్తూనే కడుపులో ఉన్నదంతా చెప్పేసింది. ఎప్పుడూ అన్ని మాటలు ఆడని మనిషి.

"మీరే చెప్పండి ఉస్తాదు గారూ. టీవీ చూసి చూసి పిల్లలు పాడయిపోనారా, నా చెయ్యి పాడయిపోనాదా? ఏ బొమ్మ పెడితే చూస్తారు? గుండోడినే పెట్టీమంటారేటి?"

ఉస్తాదు టీ ఊదుకుని తాగాడు. గ్లాసు కింద పెట్టి, "ఆ రైలు నడుస్తోందా?" అన్నాడు.

"నడుస్తాది. స్విచ్చి అదుగో."

"నువ్వు ఎప్పుడైనా ఎక్కావా?"

ఆమె నవ్వింది. "నానా? అది పిల్లలెక్కీది."

"అంతేనా?"

"పనోళ్ళం మనం ఎక్కుతామేటండీ. మన దోవ వెనక తలుపు కదా."

నిజమే. ఆ పార్కులో పనివాళ్ళెవరూ ఏదీ ఎక్కరు. జెయింట్ వీలుకి గ్రీజు పెట్టేవాడు దాని మీంచి సముద్రం చూసి ఎరగడు.

"పద. ఎక్కు" అన్నాడు ఉస్తాదు.

"అయ్యో, ఎవరైనా చూస్తే! ఈ వయసులో! నాకు కళ్ళు తిరుగుతాయి ఉస్తాదు గారూ."

"తిరగనీ. ఎటు తిరుగుతాయో చూద్దాం."

ఎవరూ లేకపోయినా అటూ ఇటూ చూసుకుని, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, మొదటి పెట్టెలో ఒక కాలు పెట్టింది. చిన్నపిల్లల పెట్టె. కూచుంటే నేలకి జానెడు ఎత్తు. మోకాళ్ళు వచ్చి గడ్డానికి తగిలాయి. "వద్దండీ బాబూ" అనేలోపల ఉస్తాదు స్విచ్చి నొక్కేశాడు.

రైలు గుహలోకి దూరింది.

చీకటి. పట్టాల చప్పుడు. ఎదురుగాలి చల్లగా తగిలింది. రెండేళ్ళు పనిచేసిన గుహే గాని కొత్త చోటులా ఉంది. మొదటి మలుపులో ఎర్ర లైటు వెలిగింది. మాంత్రికుడు. ఆమెకి ప్రాణం లేచి వచ్చినట్టయింది, తెలిసిన ముఖం. తల ఎత్తి చూసింది.

మాంత్రికుడు ఆమె తల మీంచి అవతలి గోడని చూస్తున్నాడు.

రైలు దాటిపోయింది. రాక్షసుడు వచ్చాడు. ఆ గుడ్లురిమిన చూపు, ఆమె ఎంతో కష్టపడి తెప్పించిన చూపు, ఆమెకి రెండు మూరల పైన గాలిలో పోతోంది. రాకుమారుడూ అంతే. వాడి వెనక నిలబడ్డ చెలికత్తెలూ అంతే. ఒకరి తరవాత ఒకరు వస్తున్నారు. ఒకరూ ఆమె వంక చూడటం లేదు. ఆమె తెలియకుండానే వెన్ను నిటారు చేసి, మెడ చాచి, వాళ్ళ చూపుకి అందాలని చూసింది. అందలేదు.

పెద్దమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆగలేకపోయింది. "పెద్దమ్మా" అంది. పైకే అంది.

పెద్దమ్మ అట్లకాడ పట్టుకుని, ఎవరో గొప్పవాళ్ళు వస్తున్నట్టు, ఎక్కడో దూరంగా చూస్తోంది. ఎరిగున్న వీధిలోకి వెళితే అన్ని తలుపులూ వేసి ఉన్నట్టు, నూకరత్నం గుండెలో ఏదో మూసుకుపోయింది. రైలు చిన్నది. ఆ రైల్లో ఆమె ఒక్కర్తే.

ఆఖరి మలుపులో పచ్చలైటు వెలిగింది. రాకెట్టు మీద గుండు పిల్లాడు. ముక్కు పక్కన కారిన రంగు. వాడి బొత్తాల కళ్ళు నేరుగా ఆమె కళ్ళలోకి చూశాయి. "వచ్చావా?" అన్నట్టు.

ఆమె నవ్వేసింది.

నవ్వాక తెలిసింది నవ్వినట్టు. దొంగతనం చేస్తూ దొరికినదానిలా చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రైలు ఎండలోకి వచ్చి ఆగింది.

ఉస్తాదు సిమెంటు మెట్టు మీద కూచుని ఉన్నాడు.

"లోపల ఎవరైనా పలకరించారా?"

ఆమె పెట్టెలోంచి దిగలేదు.

"ఒకడు" అంది.

ఎవడని ఆయన అడగలేదు.

ఆమె లేచి, వెనక తలుపులోంచి లోపలికి వెళ్ళి, పనిలైటు వేసింది. పట్టాల మధ్య నిలబడింది. పెద్దమ్మ ఆమెనే చూస్తోంది, ఎప్పటిలాగే, ఆప్యాయంగా. నూకరత్నం మెల్లగా పట్టాల మీద కూచుంది. పెద్దమ్మ చూపు పైనుంచి పోయింది. లేచి నిలబడింది. పెద్దమ్మ చూసింది. కూచుంది. లేదు.

రాక్షసుడి దగ్గరా అంతే. రాకుమారుడి దగ్గరా అంతే. ఆ ఎండాకాలం ఆమె నిలబడి వేసింది. తన ముఖం ఎంత ఎత్తులో ఉందో, ఇరవై మూడు జతల కళ్ళూ సరిగ్గా అంత ఎత్తుకి పెట్టింది. రెండేళ్ళుగా ఎన్ని వందల మంది పిల్లలు వచ్చి, తలలెత్తి చూసి, దాటిపోయారో.

బయటికి వచ్చేసరికి ఆమె ముఖం కడిగేసినట్టు ఉంది.

"మీకు తెలుసు" అంది.

"తెలుసమ్మా."

"ఎప్పట్నించి?"

"నువ్వు వేసిన రోజు నించే. కర్ర పట్టుకుని వంగి నడిచేవాణ్ణి. నన్నూ చూడలేదు వాళ్ళు."

"మరైతే ఒక్క మాట అననేదేటి ఉస్తాదు గారూ! ఆ రోజే ఒక్క మాట అంటే..."

ఉస్తాదు కర్ర మీద గడ్డం ఆనించుకుని సముద్రం వంక చూశాడు.

"పొద్దున్నే నిన్ను చూసేవాళ్ళు ఎవరో ఒకరు ఉండాలి కదమ్మా" అన్నాడు.

ఆయన లేచి, కర్ర పొడుచుకుంటూ గేటు వైపు వెళ్ళిపోయాడు. ఆమె ఖాళీ గ్లాసులు రెండూ కడిగి బోర్లించింది.

మర్నాడు పొద్దున్న ఆరింటికే నూకరత్నం వచ్చింది. రైల్లోంచి మొదటి పెట్టె విప్పి, తోసుకుంటూ పట్టాల మీద గుహలోకి తీసుకెళ్ళింది. మాంత్రికుడి ముందు ఆపి, అందులో కూచుంది. చెయ్యి పైకి చాచి, తెల్లరంగుతో ఆ రెండు కళ్ళూ కప్పేసింది. అది ఆరేదాకా, కళ్ళు లేని ముఖానికి ఎదురుగా, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూచుంది. ఆరాక నల్లరంగులో సన్న కుంచె ముంచి, కింద కూచున్నవాళ్ళని చూసే కళ్ళు పెట్టింది.

మాంత్రికుడు ఆమెని చూశాడు.

ఆమె లేచి నిలబడలేదు. అలాగే కూచుని, పెట్టెని కాళ్ళతో నెట్టుకుంటూ, రాక్షసుడి దగ్గరికి వెళ్ళింది.