గులాబీ ఆగిన గుమ్మాలు

ఊఁ కొడతావా మరి? నువ్వు ఊఁ కొట్టకపోతే నా గుర్రం నడవదు.

అనగనగా ఒక ఊళ్ళో, కాలువ గట్టు పక్కన, గులాబీ అనే జట్కా గుర్రం ఉండేది. దాన్ని తోలేది ఖాదర్ సాయిబు తాత. ఊళ్ళోకి ఆటోలొచ్చాయి, జట్కా మూలపడింది. ఆ తర్వాత తాతకి మోకాళ్ళు పట్టేశాయి. "ఇక నా వల్ల కాదు, శనివారం సంతలో అమ్మేస్తా" అన్నాడు.

అది విని నూకరత్నం అనే పదేళ్ళ పిల్ల పరుగెత్తుకొచ్చింది. వాళ్ళింట్లో అందరూ ఎంత దూరమైనా నడిచిపోయేవాళ్ళే. వాళ్ళ గుమ్మంలో గులాబీ ఒక్కనాడూ ఆగలేదు. అయినా ఆ పిల్లకి అదంటే ప్రాణం.

"అమ్మకు తాతా, నేను చూసుకుంటా!"

"ఒక్కదానివేనా పిచ్చితల్లీ? గడ్డి కొయ్యాలి, లద్దె ఎత్తాలి, ఒళ్ళు రుద్దాలి. పదిమందిని జట్టు కట్టి తీసుకురా. అప్పుడు అమ్మను."

బుధవారం ఇల్లిల్లూ తిరిగింది. "తంతుందే!" అని తల్లులు తలుపులేసుకున్నారు. గురువారం బళ్ళో అడిగింది. పోస్టుమాస్టారి మనవడు శేషు "రాణీగారొచ్చారు, దారివ్వండ్రా!" అని వెక్కిరించాడు. శుక్రవారం ఆంజనేయస్వామికి దణ్ణం పెట్టి, "ఇక నువ్వే దిక్కు స్వామీ" అంది.

స్వామి ఏం చేశాడో చూడు!

ఆ సాయంత్రం తాత గులాబీ వీపున గోనెపట్టా వేశాడు. "ఆఖరిసారి ఊరు చూపించొద్దాం, ఎక్కమ్మా" అన్నాడు. పక్కనే కుంటుకుంటూ నడిచాడు.

పోస్టుమాస్టారి గుమ్మం రాగానే గులాబీ ఠక్కున ఆగింది. నూకరత్నం దిగి లాగింది. ఊహూఁ! తాత పకపకా నవ్వాడు. "అది రోజూ ఆగిన గుమ్మం. ఆ ఇంటి మనిషి ఎక్కితేగానీ కదలదు."

అప్పుడు శేషు వాళ్ళ మామ్మ బయటికొచ్చింది. "ఎక్కరా శేషూ! నువ్వు పుట్టినప్పుడు ఆస్పత్రి నుంచి నిన్ను ఇంటికి తెచ్చింది ఈ గులాబీయే!"

శేషు గోనెపట్టా గట్టిగా పట్టుకుని ఎక్కాడు. గులాబీ కదిలింది. వాడి మొహం పూరీలా పొంగింది!

ఆ తర్వాత రైసుమిల్లు దగ్గర ఆగింది. శేషు దిగాడు, మిల్లు డ్రైవరు కూతురు ఎక్కింది. వెనకాల ఆమె చెల్లెళ్ళిద్దరూ నడిచారు.

ఆ తర్వాత ఆంజనేయస్వామి గుడి. అక్కడ హారతి గంట మోగేదాకా కదలదు. జట్కా దిగినవాళ్ళ దర్శనం అయ్యేదాకా ఆగడం దాని అలవాటు మరి. ప్రసాదానికొచ్చిన పిల్లలంతా చుట్టూ మూగారు. పూజారిగారు తలో గారె పెట్టారు. గంట మోగింది. పిల్లలంతా గులాబీ వెంట బయలుదేరారు.

తాత ఇల్లు చేరేసరికి నూకరత్నంతో కలిపి పదకొండుమంది! తాత కళ్ళు తుడుచుకున్నాడు. "సరే, వినండర్రా. ముందు గడ్డి, తర్వాతే సవారీ!"

అలా పుట్టింది గుర్రం జట్టు.

శనివారం పొద్దున్నే పదిమంది పిల్లలు గడ్డిమోపులతో వచ్చారు. నూకరత్నం మాత్రం అలసి నిద్రపోతోంది. మరి గులాబీ ఏం చేసిందనుకున్నావు? తాత కట్టుతాడు విప్పగానే తనంతట తానే నడుచుకుంటూ వెళ్ళి, ఎన్నడూ ఆగని ఆ గుమ్మంలో ఆగింది. నూకరత్నం కళ్ళు నులుముకుంటూ వచ్చి ఎక్కేదాకా కదల్లేదు!

గడ్డిమోపు గులాబీకి,
గారె ముక్క జట్టుకి,
జట్కా ఎక్కి కథ కంచికి,
దుప్పటి కప్పి మనం నిద్దరకి!