పేడగోతికి తోడు

“స్వామీ, లోపలి మలినమంతా కడిగేసుకుంటే వెలుగు దానంతటదే వస్తుంది కదా?” అని అడిగింది ఆశ్రమంలో ఉండే శిష్యురాలు త్రిపుర.

అడిగినదానికి సూటిగా జవాబు చెప్పడం సుబోధానందస్వామికి అలవాటు లేదు. “ముందు మన గ్యాసు ఎందుకు ఆగిందో చూసి రా తల్లీ,” అన్నారు.

ఆ మాట ఆవిడకు చురుక్కుమంది. నాగావళి ఒడ్డున ఉన్న ఆ ఆశ్రమంలో డీజిల్ ఇంజను పొగకు బడిపిల్లలు దగ్గలేక చస్తుంటే, పట్టుబట్టి గోశాల పక్కన గోబర్ గ్యాసు గోతి కట్టించింది త్రిపురే. దాని గ్యాసుతోనే జనరేటరు తిరిగేది, దీపాలు వెలిగేవి. ఇప్పుడా గోతిలో ఉలుకూ పలుకూ లేదు. “అమావాస్య దాకా చూస్తానమ్మా. తర్వాత పాత ఇంజను బయటికి తీయాల్సిందే. పిల్లల్ని చీకట్లో ఎన్నాళ్ళు కూచోబెట్టను?” అని మేనేజరు పైడిరాజుగారు తేల్చి చెప్పేశారు. ఆయన్ని మాత్రం ఏమనగలం!

త్రిపుర గొట్టాలన్నీ తడిమి చూసింది. ఎక్కడా లీకు లేదు. చివరికి గోశాల కాలవ వెంట నడిచి, అది ఎక్కడికి పోతోందో చూసి కొయ్యబారిపోయింది. వాసన ఉండకూడదని కొన్నాళ్ళుగా గోశాలను బ్లీచింగు పొడితో, ఫినాయిలుతో కడిగిస్తున్నది తనే. ఆ నీళ్ళన్నీ గోతిలోకే! పేడను పులియబెట్టే సూక్ష్మజీవులు బతికితేనా? చేసిన నిర్వాకానికి ఆవిడకు ఏడుపొచ్చింది. వచ్చి స్వామికి చెప్పేసింది.

“పాలు తోడుకోకపోతే ఏం చేస్తావు?” అన్నారాయన.

“పక్కింట్లో తోడు అడుగుతాను.”

ఆయన కళ్ళు మూసుకున్నారు.

మర్నాడు పొద్దున్నే పక్కూరి రైతు దాలినాయుడి గ్యాసుగోతి దగ్గరికి వెళ్ళింది. బుడగలు కక్కుతున్న పేడనీళ్ళు బకెట్లతో ఎత్తి బండిమీది డ్రమ్ముల్లో పోసింది. “మీరెందుకమ్మా, మావోళ్ళు ఎత్తుతారు,” అని అతనంటే ససేమిరా అంది. గోశాలలో బ్లీచింగు, ఫినాయిలు మాన్పించి, తమ గోతిలో పాడైన నీళ్ళు సగం తీయించి, ఇవి పోసి, రోజూ కాస్త కాస్త పచ్చిపేడ కలిపింది. రోజూ పొయ్యి దగ్గర అగ్గిపుల్ల గీయడం, అది తుస్సుమనడం. ఈలోగా పైడిరాజుగారు పాత ఇంజను తుడిపించి నూనె కూడా వేయించారు. అయినా త్రిపుర వదల్లేదు. రేపు అమావాస్య అనగా నీలిమంట నిలబడింది. ఆ సాయంత్రం జనరేటరు తిరిగింది, బడిలో దీపాలు వెలిగాయి, పిల్లలు ఒకటే కేకలు.

మోచేతుల దాకా పేడతో, సబ్బుబిళ్ళ పట్టుకుని కుళాయి వైపు పరుగెడుతున్న త్రిపురను స్వామి ఆపారు.

“కడుక్కో తల్లీ,” అన్నారు నవ్వుతూ. “మరీ అంతలా కాదు.”