అలగడం రాని రాకుమారుడు

అనగా అనగా ఒక రాజు. ఏ ఊరు, ఏ కాలం అని మధ్యలో అడ్డుపడ్డారో, ఇక్కడే ఆపేసి లేచిపోతాను. సంపెంగకోట రాజు ఉదయచంద్రుడు, ఆయన రాణి కలువదేవి, వాళ్ళకి లేక లేక కలిగిన కొడుకు మణిధరుడు. పిల్లవాడు మంచివాడే గానీ ముక్కు మీదే కోపం. చారు చల్లారితే అలుగుతాడు. గుర్రానికి జీను బిగించడం ఆలస్యమైతే అలుగుతాడు.

ఈ మణిధరుడికి మేనమామ కూతురు హేమవల్లి మీద మనసు. ఆ పిల్ల ఒకరోజు, "ఏడు సముద్రాల అవతల బంగారు తామర ఉందట బావా, అది తెస్తే నిన్నే చేసుకుంటా" అంది. ఏదో వేళాకోళానికి అంది. వీడు మర్నాడే పడవెక్కేశాడు.

సముద్రం దాటాడు, సముద్రం దాటాడు, ఏడో సముద్రమూ దాటాడు. తామర కోసుకుని తిరిగొస్తూ, అలసిపోయి ఒక దీవిలో ఆగాడు. అక్కడ గుడిసెలో పింగళుడని ఒక ముసలివాడున్నాడు. వాడు పోసిన గంజి నీళ్ళనీళ్ళగా ఉంది గానీ, కబుర్లు వినడంలో మాత్రం వాణ్ణి మించినవాడు లేడు. "ఆహా! తర్వాతేమైంది నాయనా?" అంటాడు. "అయ్యో, అప్పుడు మీ అమ్మ ఏమంది?" అంటాడు. మాట్లాడే మనిషి లేక నెలల తరబడి వాచిపోయిన మణిధరుడు పుట్టినప్పటి నుంచి జరిగిందంతా కక్కేశాడు.

ఒకరోజు లేచి చూస్తే తామర లేదు, పడవ లేదు, ముసలివాడూ లేడు. వాడు మాయగాడర్రా! ఎవరి కథ మొదట్నుంచి చివరిదాకా వింటే వాళ్ళ రూపం చొక్కాలా తొడిగేసుకుంటాడు.

మణిధరుడు ఒడ్డున కూర్చుని భోరుమంటుంటే, ఒక తాబేలు జాలిపడి వీపు మీద ఎక్కించుకుంది. తాబేలు కదా, తన తీరిక చూసుకునే వచ్చింది. వీడు కోట గుమ్మం చేరేసరికి కాపలావాడు బల్లెం అడ్డం పెట్టాడు.

"ఎవరు నువ్వు?"

"నేనురా, యువరాజుని!"

"యువరాజుగారు లోపల భోంచేస్తున్నారు. పెళ్ళికి ముహూర్తం కూడా పెట్టేశారు. వెళ్ళు బాబూ, వెళ్ళు."

మణిధరుడికి కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. నేను బయటుంటే లోపల భోంచేస్తున్నది ఎవరు? గోలగోల చేసి లోపలికి దూరాడు. చూస్తే ఏముంది! పీట మీద తనే కూర్చున్నాడు. అదే ముక్కు, అదే మీసం, పక్కన బంగారు తామర.

సభంతా తికమకపడిపోయింది. రాజు ఇటు చూస్తాడు, అటు చూస్తాడు. "ఇద్దరిలో ఒకడు నా కొడుకు, ఒకడు దొంగ. దొంగెవరో తేలిన మరుక్షణం వాడి తల తీయిస్తాను" అన్నాడు. అన్నాడు గానీ ఆయనకే గుండెల్లో రాయి పడింది. పొరపాటున కొడుకు తలే తీయిస్తే?

ముందు సాక్ష్యానికి తాబేలుని పిలిచారు. "నేను మోసుకొచ్చిన మాట నిజమే మహారాజా. కానీ వీపు మీద కూర్చున్నవాడి ముఖం నేనెలా చూస్తాను?" అంది తాబేలు. మాయగాళ్ళ ప్రాణం చిలకలో ఉంటుందని మంత్రిగారు ఊళ్ళో చిలకలన్నిటినీ పట్టించాడు. "అయ్యా, నాలో నా ప్రాణం ఒక్కటే పడుతుంది, ఇంకొకరిది ఎక్కడ పెట్టుకోను?" అని ఒక ముసలి చిలక మంత్రిని చెడామడా తిట్టిపోసింది.

ఇక పరీక్షలు పెట్టారు. మొదటిది రాజుగారు పెట్టాడు. "నీ చిన్నప్పుడు నా కిరీటం ఎక్కడ దాచావు?" దొంగ ఠక్కున, "ధాన్యపు గాదెలో నాన్నగారూ" అన్నాడు. దీవిలో ఆ ముక్క కూడా వాగింది తనే అయినా, అసలువాడు కంగారులో బుర్ర గోక్కుని, "దాచానా? ఏమో, గుర్తు లేదు" అన్నాడు.

రెండోది మంత్రి పెట్టాడు. కొలువులో అందరినీ పలకరించమన్నాడు. కోటలో దిగినప్పటి నుంచి అందరి కబుర్లూ వింటున్న దొంగ కాపలావాడి మోకాలి నొప్పి అడిగాడు, వంటమనిషి మనవరాలి కబురు అడిగాడు. అందరి కళ్ళూ చెమర్చాయి. అసలువాడికి కాపలావాడి పేరే తెలియదు.

మూడోది రాణిగారు పెట్టింది. గుత్తివంకాయ వండి ఇద్దరికీ వడ్డించింది. "అమృతంలా ఉందమ్మా!" అన్నాడు దొంగ. అసలువాడు ముద్ద నోట్లో పెట్టుకుని, "ఉప్పెక్కువైంది" అన్నాడు. రాణి అయోమయంలో పడింది. మావాడు వంక పెట్టే మాట నిజమే, కానీ ఇన్నాళ్ళకి తల్లి చేతి ముద్ద తింటున్నవాడు వంక పెడతాడా? ఆ తల్లికి ఏమీ పాలుపోలేదు.

ఇప్పుడు అసలు ఘోరం వినండి. మణిధరుడికే తన మీద అనుమానం పుట్టింది. "వాడికి అన్నీ గుర్తున్నాయి, నాకు లేవు. వాడంటే అందరికీ ఇష్టం, నేనంటే లేదు. కొంపదీసి వాడే నేనేమో! మరి నేనెవణ్ణి?" అని అద్దం ముందు నిలబడి ఏడ్చాడు.

హేమవల్లి మాత్రం దొంగ దగ్గరికెళ్ళి, "ఈ తామర ఏం బాగాలేదు బావా" అంది. "అవును హేమా, ఏం బాగాలేదు" అన్నాడు వాడు. "కాదు కాదు, చూడగా చూడగా బాగుంది." "అవునవును, చూడగా చూడగా బాగుంది." హేమవల్లికి ఒళ్ళు జలదరించింది. తన బావ అయితే ఈపాటికి తామరని నేలకేసి కొట్టి పోయేవాడు.

ఆమె రాజు ముందుకొచ్చి, "మామయ్యా, పెళ్ళిలో వరుణ్ణి అలకపాన్పు ఎక్కించడం మన ఆచారమే కదా. అడిగింది ఇచ్చేదాకా అలిగి పడుకుంటాడు, ఆడపెళ్ళివారు బతిమాలతారు. ఆ వేడుక ముందే చేద్దాం. ఇద్దరినీ చెరో గదిలో పాన్పు ఎక్కించండి" అంది. తర్వాత అందరితో, "బతిమాలడానికి ఒక్కరూ వెళ్ళొద్దు" అని గట్టిగా చెప్పింది. ఈ పిల్లకి మతిపోయిందనుకున్నారంతా.

దొంగ బ్రహ్మాండంగా అలిగాడు. మూతి ముడిచాడు, గోడవైపు తిరిగాడు. కాసేపైంది, ఎవరూ రాలేదు. ఓరగా తలుపువైపు చూశాడు. ఇంకాసేపైంది, గజ్జెల చప్పుడు కూడా లేదు. వాడికి ముచ్చెమటలు పట్టాయి. నన్ను మర్చిపోయారా? ఇక నేను అక్కర్లేదా? చటుక్కున లేచి నవ్వుకుంటూ బయటికొచ్చేశాడు. "నా అలక తీరిపోయిందండీ! నాకేమీ వద్దు, నా వల్ల మీకెందుకు శ్రమ?" అన్నాడు.

"ఎంత సుగుణం!" అన్నాడు రాజు.

రెండో గది తలుపు తెరుచుకోలేదు. మధ్యాహ్నం దాటింది, పొద్దు వాలింది. మణిధరుడు ఆకలితో నకనకలాడుతూ గోడవైపు తిరిగి అలాగే పడుకున్నాడు. రాణికి ఇక ఉండబట్టలేదు. హేమవల్లి మాట కాదని లోపలికెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది.

"ఫో అమ్మా! ఎవడో వచ్చి అమృతం అంటే పొంగిపోయావు. నన్ను పోల్చుకోలేకపోయావు. నీతో మాట్లాడను!"

రాణి వాణ్ణి ఒళ్ళోకి లాక్కుని, "వీడేనండీ! వీడే నా కొడుకు!" అని గట్టిగా ఏడ్చేసింది.

"అంతే అత్తయ్యా," అంది హేమవల్లి. "అలగాలంటే, ఎప్పటికైనా ఎవరో ఒకరు వస్తారన్న ధీమా ఉండాలి. ఆ ధీమా వేషంతో రాదు."

జనం నమ్మకం పోగానే దొంగ ముఖం కరగడం మొదలైంది. ఒక షావుకారు ముఖం వచ్చింది, పోయింది. ఒక సన్యాసి ముఖం వచ్చింది, పోయింది. ఎవరో తల్లికి తప్పిపోయిన బిడ్డ ముఖం వచ్చింది, అదీ పోయింది. చివరికి బక్కచిక్కిన ఒక మనిషి మిగిలాడు. రాజు కత్తి దూశాడు.

"ఆగండి. ఎందుకు చేశావురా ఈ పని?" అంది రాణి.

"నాకు ఊహ తెలిసేసరికే ఎవరూ లేరమ్మా," అన్నాడు పింగళుడు. "ఏ ఇంట్లో అన్నం పెడితే ఆ ఇంటివాళ్ళకి నచ్చినట్టు ఉండేవాణ్ణి. నవ్వమంటే నవ్వాను, ఏడవమంటే ఏడ్చాను. అలిగితే ఆ పూట పస్తే. అలా అలా నా ముఖం ఏదో నాకే తెలియకుండా పోయింది."

రాజు కత్తి దించేశాడు. "నేను మాత్రం క్షమించను!" అని మణిధరుడు మళ్ళీ అలిగాడనుకోండి, అది వేరే సంగతి. పింగళుణ్ణి పశువుల కొట్టంలో పనికి పెట్టారు. మణిధరుడికీ హేమవల్లికీ ఆకాశమంత పందిరి, భూదేవంత పీట వేసి పెళ్ళి చేశారు. వాళ్ళు పిల్లాపాపలతో చాలా ఏళ్ళు రాజ్యమేలారు. మణిధరుడు కాపలావాడి పేరు కూడా నేర్చుకున్నాడు.

కథ అయిపోయిందని లేవకండి, ఇంకొక్క ముక్క ఉంది. పింగళుడు ఏళ్ళ తరబడి పెట్టింది తిన్నాడు, చెప్పింది చేశాడు, అడిగినా అడక్కపోయినా నవ్వాడు. ఒక పండగనాడు వంటవాళ్ళు వాడికి గారెలు మిగల్చడం మర్చిపోయారు. వాడు ఎవరితోనూ మాట్లాడకుండా కొట్టంలోకెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆ కబురు వినగానే రాణిగారు స్వయంగా గారెలు వండి, పళ్ళెం పట్టుకుని కొట్టం దాకా నడిచి వెళ్ళింది. "లే నాయనా, వేడిగా ఉన్నాయి" అని బతిమాలింది.

వాడు వెంటనే లేవలేదు.