రొంప పట్టిన ముక్కు, తొంభై ఏడు మార్కులు

అనగనగా ఒక కొండ అడవిలో మూడు వందల పన్నెండు జంతువులు ఉండేవి. టీ పొయ్యి మాత్రం ఒక్కటే ఉండేది. గొడవ ఎక్కడ మొదలవుతుందో మీకు ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది, పిల్లలూ.

ఆ అడవిలో వాన పట్టుకుంటే నాలుగు నెలలు వదలదు. నూట ఇరవై రోజులు. తడవని చోటు ఒక్క గుహే. గుహలో ఒక్క పొయ్యి, పొయ్యి మీద ఒక్క కుండ. అందుకని ఆ నాలుగు నెలలూ అందరూ ఒకే రకం టీ తాగాలి. ఏ టీ తాగాలో తేల్చడానికి వానలకు ముందు పోటీ పెట్టేవారు. గెలిచినవాళ్ళే పొయ్యి చూసుకోవాలి. పిల్లలతో సహా పొయ్యి పక్కన వెచ్చటి మూలలో పడుకోవచ్చు. మిగతావాళ్ళు టీ తాగి ఎవరి గూటికి వాళ్ళు వెళ్ళిపోవాలి.

ఏదుపంది గున్నమ్మకు ఆ మూల కావాలి. ఆమె బొరియ కొండ అడుగున ఉంది. మొదటి వానకే అందులోకి నీళ్ళు వస్తాయి. పోయిన ఏడు ఆమె పిల్లలిద్దరూ నాలుగు నెలలూ దగ్గుతూనే ఉన్నారు.

"ఈసారి కూడా ఆ మూల దక్కకపోతే పిల్లల్ని తీసుకుని కొండ దాటి పోతాను" అని ఆమె ఎలుగుబంటి అప్పలసామితో ముందే చెప్పేసింది. అప్పలసామి ఆ అడవికి పెద్ద.

"అంతా పరిమళయ్యగారి ముక్కు చేతిలో ఉంది తల్లీ" అన్నాడు అప్పలసామి.

ముక్కుకు చేతులుండవు. కానీ పెద్దవాళ్ళు అలాగే మాట్లాడతారు. మనం తలూపాలి.

పరిమళయ్య ఒక పునుగుపిల్లి. పదకొండేళ్ళుగా ఆయనే టీలకు న్యాయమూర్తి. పునుగుపిల్లి ఒంటికి సహజంగానే ఘాటైన వాసన ఉంటుంది కదా, అది టీ వాసనలో కలవకూడదు. అందుకని పోటీకి ముందురోజు ఆయన జలపాతం కింద మూడు మునకలు వేయాలని నియమం. ఆ ఏడు అడవి అంతా చూడటానికి వచ్చింది. అంతమంది చూస్తుంటే మూడు మునకలు ఏం సరిపోతాయి? పరిమళయ్య ముప్పై మూడు వేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మర్నాడు తెల్లారేసరికి ఆయనకు రొంప పట్టింది.

మామూలు రొంప కాదు. రెండు ముక్కురంధ్రాలుంటే రెండూ మూసుకుపోయాయి.

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. టీకి మొత్తం నూరు మార్కులు. రంగుకు ఇరవై, వాసనకు నలభై, రుచికి నలభై. వాసన చూడాల్సింది ముక్కు. ముక్కు పనిచేయకపోతే నాలుకకు కూడా చేదు, తీపి, పులుపు తప్ప పెద్దగా ఏమీ తెలియదు. అంటే నూరులో ఎనభై మార్కులు గాల్లో ఉన్నాయి. మామూలు జంతువైతే "ఇవాళ నా వల్ల కాదు" అనేది. పరిమళయ్య మామూలు జంతువు కాదు, న్యాయమూర్తి. మెత్తటి చాప మీద వచ్చి కూర్చున్నాడు.

మిగతావాళ్ళంతా ముప్పై అడుగుల అవతల కూర్చున్నారు. వాళ్ళ ఒంటి వాసనలు టీలో కలవకూడదు. తీర్పు వచ్చేదాకా ఎవరూ కప్పు ముట్టుకోకూడదు.

ముందు నెమలి నీలకంఠం వచ్చాడు. ఆయనది గులాబీ రేకులు కలిపిన నల్ల టీ. రంగు చూస్తే కెంపును కరిగించి పోసినట్టుంది. అయితే ఆ రేకుల్ని మూడు రోజులు ఎండబెట్టాలి. ఆయన మూడు గంటలే ఎండబెట్టాడు. ఈలోగా మబ్బు పట్టింది, మరి ఆయన ఆడాలి కదా! పచ్చి రేకుల్నే వెదురు గొట్టంలో కుక్కి, మూత పెట్టి, ఆటకు వెళ్ళిపోయాడు. ఇరవై రోజుల్లో గొట్టం నిండా బూజు పట్టింది.

పరిమళయ్య చెంచాడు టీ తీసుకుని జుర్రుమని పీల్చాడు. నోరంతా తిప్పాడు. పక్కనున్న ముంతలో ఉమ్మాడు. కళ్ళు మూసుకున్నాడు. ఆయన నాలుకకు తగిలింది వేడి ఒక్కటే.

"అద్భుతబ్!" అన్నాడు. "గులాబీ తోటలో దడుస్తుద్దట్టుగా ఉంది!"

"ఏమిటి, పరిమళయ్యగారి గొంతు ఇవాళ అదోలా ఉంది?" అంది ఒక కుందేలు.

"గంభీరంగా ఉంది. నోర్ముయ్యి" అన్నాడు అప్పలసామి.

రంగుకు ఇరవై, వాసనకు ముప్పై తొమ్మిది, రుచికి ముప్పై ఎనిమిది. మొత్తం తొంభై ఏడు. పరిమళయ్య తాటాకు మీద గోటితో గీశాడు. పదకొండేళ్ళలో అంత మార్కు ఎవరికీ రాలేదు.

రెండోది కొండముచ్చు సింహాచలం టీ. నల్ల టీలో నారింజ తొక్క, ఏలకులు కలిపాడు. పరిమళయ్య గోరువెచ్చటి నీళ్ళతో నోరు పుక్కిలించి ఆ టీ పీల్చాడు.

"ఏలకులు తగల్లేదు" అని పెదవి విరిచాడు. డెబ్బై ఒకటి వేశాడు.

"పద్నాలుగు ఏలకులు దంచి వేశాను బాబూ! ఒక్కటైనా తగల్లేదా?" అని సింహాచలం గుండెలు బాదుకున్నాడు.

"నీ ఏలకులకు రుచి చూపించడం రాకపోతే న్యాయమూర్తి ఏం చేస్తాడయ్యా?" అన్నాడు అప్పలసామి.

మూడోది గున్నమ్మ టీ. అందులో టీ ఆకే లేదు. తులసి, అల్లం, మిరియాలు, నిమ్మగడ్డి వేసి మరిగించిన మూలికల టీ. పరిమళయ్య కప్పు మీదికి వంగాడు. ఆవిరి రెండు రంధ్రాల్లోకీ దూరింది.

ఆయన గట్టిగా తుమ్మాడు. ఒకసారి కాదు, మూడుసార్లు.

మూడో తుమ్ముతో ముక్కు తెరుచుకుంది. ఆయనకు తులసి వాసన తెలిసింది. అల్లం తెలిసింది. నిమ్మగడ్డి తెలిసింది. ఒక్క గుక్క లోపలికి పోగానే ఛాతీలో హాయిగా వెచ్చబడింది. ఆ క్షణాన ఆయనకు మరో వాసన కూడా తెలిసింది. చేతికందే దూరంలో, తొంభై ఏడు మార్కుల కప్పులోంచి, తడిసిన పాత గోనెసంచి వాసన గుప్పుమంది.

పరిమళయ్య ఆ కప్పు వైపు చూశాడు. తాటాకు వైపు చూశాడు. ముప్పై అడుగుల అవతల కూర్చున్న అడవిని చూశాడు.

కప్పు అందించిన గున్నమ్మ పక్కనే నిలబడి ఆయన్నే గమనిస్తోంది. ఇద్దరు దగ్గు పిల్లల్ని పెంచిన తల్లికి రొంప గొంతు తెలియదా? మెల్లగా, ఇంకెవరికీ వినపడకుండా అంది.

"బాబూ, పొద్దున్నుంచి మీకు ముక్కు పట్టేసినట్టుంది. ఇప్పుడు వదిలింది కదా. ఆ రెండు కప్పులూ ఇంకోసారి చూడండి. ఎవరూ ఏమీ అనుకోరు."

చూశారా, ఎంత సులువో! ఒక్కసారి తలూపితే చాలు. కానీ తలూపితే రొంప సంగతి బయటపడుతుంది. ముప్పై మూడు మునకల గొప్ప నవ్వులపాలవుతుంది. గులాబీ తోటలో నడవలేదని కూడా తెలిసిపోతుంది. పదకొండేళ్ళ పేరు ఏమైపోవాలి?

పరిమళయ్య గొంతు సవరించుకున్నాడు.

"నాకు రొంపా? నా ముక్కుకే వంక పెడతావా?" అని అందరికీ వినపడేలా అరిచాడు. "ఈ టీలో ఘాటు మరీ ఎక్కువ. న్యాయమూర్తి చేత మూడుసార్లు తుమ్మించిన టీ ఒక టీయా?"

రంగుకు తొమ్మిది, వాసనకు పద్నాలుగు, రుచికి పదిహేను. ముప్పై ఎనిమిది.

గున్నమ్మ కుండ కడుక్కుంది. ఆ సాయంత్రమే పిల్లలిద్దర్నీ తీసుకుని కొండ దాటి అవతలి అడవికి వెళ్ళిపోయింది.

మర్నాడు వాన మొదలైంది. గుహలో గులాబీ టీ కాగింది. అందరూ తాగారు. అందరికీ బూజు వాసన వచ్చింది. కానీ తొంభై ఏడు మార్కుల టీ కదా!

"నాకు రుచి తెలియదేమో" అనుకుంది కుందేలు.

"నా ముక్కు పాడైందేమో" అనుకున్నాడు అప్పలసామి. ఆయన మూడు కొండల అవతలి తేనెపట్టును వాసనతో పట్టేస్తాడు. అయినా ఆ రోజు తన ముక్కునే అనుమానించాడు.

"ఇది నా టీని ఓడించిన టీ. బాగుండక ఏం చేస్తుంది?" అని సింహాచలం పళ్ళు బిగబట్టి మింగాడు.

పాపం, అందరికంటే ఎక్కువ తాగింది పరిమళయ్యే. మెచ్చినవాడు తాగకపోతే ఎలా? రోజుకు మూడు కప్పులు, అందరి ఎదుటా, చిరునవ్వుతో. పదో రోజుకు నలభై మందికి కడుపునొప్పి. ఇరవయ్యో రోజుకు నూట అరవై మందికి. ముప్పయ్యో రోజుకు అడవిలో సగం వాంతులు, సగం దగ్గు. చివరికి అప్పలసామి నీలకంఠాన్ని నిలదీశాడు.

"నీకు మాత్రం ఏమీ కాలేదేం?"

"నాకు టీ పడదు పెద్దాయనా. ఒక్క చుక్క కూడా ముట్టను" అన్నాడు నీలకంఠం, ఎంతో వినయంగా.

అప్పలసామి వెదురు గొట్టాన్ని బోర్లించాడు. పచ్చటి బూజు ముద్ద కింద పడింది.

గుహలో వేరే టీ లేదు, ఆ వానలో కొత్తగా ఎండబెట్టే వీలూ లేదు. అప్పుడు అందరికీ గున్నమ్మ పెట్టే తులసి అల్లం టీ గుర్తొచ్చింది. కొండ ఎక్కారు, దిగారు. అవతలి అడవిలో ఒక రాతిచూరు కింద ఆమె పొయ్యి మండుతోంది. పిల్లలిద్దరూ దగ్గు లేకుండా పొయ్యి చుట్టూ పరిగెడుతున్నారు.

"తిరిగి రా తల్లీ. ఆ మూల నీదే" అని అప్పలసామి బతిమాలాడు.

"ఎందుకులే బాబూ" అంది గున్నమ్మ, టీ పోస్తూనే. "ఇక్కడివాళ్ళు ముందు తాగుతారు, తర్వాత చెబుతారు. నా పిల్లలకు ఇక్కడే బాగుంది. మీరు రండి, ఎప్పుడొచ్చినా పోస్తాను."

వెళ్ళడానికి ఐదు మైళ్ళు, రావడానికి ఐదు మైళ్ళు. ఇంకా తొంభై రోజుల వాన మిగిలి ఉంది. తలకు తొమ్మిది వందల మైళ్ళు. మూడు వందల పన్నెండు జంతువుల్లో ఏదుపందులు ముగ్గురూ, టీ ముట్టని నీలకంఠమూ పోగా ఎన్ని మైళ్ళవుతుందో మీరే గుణించుకోండి.

వరుసలో ఆఖరున పరిమళయ్య నిలబడ్డాడు. చిక్కి సగమయ్యాడు. వానలో నానిపోయాడు. కప్పు అందుకుని, తాగి, ఇక ఉండబట్టలేక అందరి ముందూ చెప్పేశాడు.

"ఆ రోజు నాకు రొంప పట్టింది. మొదటి రెండు టీలూ నాకు తెలియనే లేదు. ఇది తాగాక తెలిసింది. తెలిసి కూడా చెప్పలేదు."

అందరూ కొడతారని ఆయన చెవులు ముడుచుకున్నాడు. ఎవరూ కొట్టలేదు.

"రొంపేనా?" అన్నాడు అప్పలసామి. "ఆ మాట అప్పుడే చెప్పి ఉంటే పోటీ ఒక్క పూట ఆపి, మర్నాడు పెట్టుకునేవాళ్ళం కదయ్యా. అంతే కదా!"

అంతే. ఒక్క పూట.

అప్పలసామి ఖాళీ కప్పు అక్కడ పెట్టి, తల మీద ఆకు కప్పుకుని, ఐదు మైళ్ళ దారి పట్టాడు. వెనక ఒక్కొక్కరే నడిచారు. వానలో అందరికంటే చివర పరిమళయ్య నడిచాడు.

నీతి: తప్పు తెలిసిన క్షణంలోనే ఒప్పుకుంటే మనకు కాసేపు సిగ్గు వేస్తుంది, అంతే. పేరు కోసం దాన్ని దాచుకుంటే ఆ బరువును ఊరంతా మోయాల్సి వస్తుంది.