మోకాటి లోతు మునక్కాయలు

వాగుకి ఇవతల ఎర్రనేల వాలు. అవతల నల్లరేగడి మైదానం. మైదానం దాటితే పట్నం, పట్నం కంటే ముందు పట్నం వాళ్ల చెత్తకుప్పలు.

ఇవతలి వాలు మీద అడవిపంది సింగారమ్మ చిలగడదుంపలు పండిస్తుంది. దున్నేదీ ఆమె ముట్టే, కలుపు తీసేదీ ఆమె ముట్టే. పక్కనే కుందేలు సన్యాసమ్మ చిక్కుడు పందిళ్లు. సింగారమ్మ భర్త మాత్రం పొద్దస్తమానం బురదగుంటలో పడుకుని, "ఆ కనబడేదంతా మా పొలమే" అని వచ్చేపోయేవాళ్లకి చూపిస్తుంటాడు. చూపించడం కూడా పనే అనుకుంటే ఆయన అంత పనిమంతుడు లేడు.

ఆ అడవిలో పిల్లలకి ఒక బువ్వశాల ఉంది. తల్లులు మేతకి వెళితే పంది పిల్లలూ, లేడి కూనలూ, కోతి పిల్లలూ అక్కడే తిని అక్కడే పడుకుంటారు. బువ్వశాలకి కూరలు ఇచ్చినవాళ్లకి అడవి తరఫున ఉప్పుగడ్డలు ఇస్తారు. ఉప్పుగడ్డ ఉంటే ఆ అడవిలో ఏదైనా దొరుకుతుంది.

ఇన్నాళ్లూ ఆ గడ్డలన్నీ నక్క పానకాలు ఇంటికే పోయేవి. పట్నం సంత ముగిశాక మిగిలిన వడిలిన కూరల్ని గోనెసంచులకెత్తి, అద్దె గాడిద మీద వేసుకొచ్చి బువ్వశాల ముందు దించేవాడు. ఆ కూర తిన్నరోజు పిల్లలందరూ పొదల చాటుకే పరుగులు. ఇవతల సింగారమ్మ దుంపలు కొనేవాళ్లు లేక నేలలోనే కుళ్లిపోయేవి. నిరుడు ఆమె చెల్లెలు ఇక లాభం లేదని పిల్లల్ని తోలుకుని చెత్తకుప్పలకి వలస పోయింది. ఒకసారి చూడటానికి వచ్చింది, మెడకి ఏదో ప్లాస్టిక్ చట్రం తగిలించుకుని. దాని పిల్లలు ముట్టెతో తవ్వడం మరిచిపోయాయి.

ఈ ఏడూ దుంపలు అమ్ముడుపోకపోతే సింగారమ్మకీ అదే దారి.

అలాంటి సమయంలో వడ్రంగిపిట్ట చెట్టు మీద డప్పు కొట్టి చాటింపు వేసింది. అడవిని ఏలే ఏనుగు పెద్దమ్మ మాట అది. "ఇకమీదట బువ్వశాలకి ముందు ఈ అడవి నేలలో పండిందే కొనాలి. చాలకపోతేనే బయటిది. రెండు గడ్డలు ఎక్కువైనా ఫరవాలేదు, మన పిల్లలు మన నేల తిండి తినాలి."

"వదినా, మనం గట్టెక్కాం," అని సన్యాసమ్మ గంతులేసింది.

"చాటింపు ఏనుగుదే. కొనేది ఎలుగుబంటి," అంది సింగారమ్మ. "పద, ముందు ఆయన మొహం చూసొద్దాం."

కొనుగోళ్లు చూసే ఎలుగుబంటి జోగారావు బువ్వశాల అరుగు మీద కునుకు తీస్తున్నాడు. పక్కనే పానకాలు విసనకర్రతో ఈగలు తోలుతున్నాడు.

"రైతులు వచ్చారండీ," అంది సింగారమ్మ.

జోగారావు కళ్లు తెరిచి ఇద్దర్నీ చూశాడు. తర్వాత వాళ్ల వెనక చూశాడు. "ఏరీ?"

"ఎవరండీ?"

"రైతులమ్మా. మీ ఆయన రాలేదా?"

"ఆయన బురదలో ఉన్నాడు."

"లేపుకు రాకపోయావా?"

"వచ్చి ఏం చేస్తాడండీ. తీగేదో గడ్డేదో తెలీదు. నిరుడు నేను నాటిన తీగంతా మేసి, ఈసారి ఆకుకూర కమ్మగా ఉందే అన్నాడు."

పానకాలు విసనకర్ర కింద పెట్టి గొంతు సవరించుకున్నాడు. "జోగారావు గారూ, ఇంత చర్చ ఎందుకు చెప్పండి. ఈ అడవి సరుకే కొనాలన్నారు, కొనండి. నేను పుట్టింది ఈ అడవి. మా నాన్న ఈ అడవి, మా తాత ఈ అడవి. అడవివాడి సరుకు అడవి సరుకు కాకుండా ఎక్కడికి పోతుంది?"

"నువ్వు ఇక్కడ పుట్టావు బాబూ, కాదన్నది ఎవరు," అంది సింగారమ్మ. "నీ దుంప ఎక్కడ పుట్టింది?"

"నా పొలంలో."

"నీకు పొలమా?"

"గుట్ట వెనకాల. మీ ఇద్దరి పొలాలూ కలిపినా అందులో ఒక మూలకి రావు."

"గుట్ట వెనక రాళ్లే కదా ఉన్నవి," అంది సన్యాసమ్మ.

"పొలం చూసే కళ్లుంటే పొలం కనబడుతుంది," అన్నాడు పానకాలు.

"అయితే అయ్యా, మీరే గుట్టెక్కి చూడండి," అంది సింగారమ్మ.

జోగారావు ఎడమకాలు తడుముకున్నాడు. నిరుడు తేనెపట్టు కోసం చెట్టెక్కి, కొమ్మ విరిగి కిందపడిన దగ్గర్నుంచి ఎత్తున్న దేన్ని చూసినా ఆయనకి ఆ కాలు సలుపుతుంది. "గుట్టలూ అవీ కుదరవమ్మా. సంతరోజు ఇద్దరూ సరుకు తెచ్చి ఇక్కడ పోయండి. చూసి చెబుతాను."

"ఏం చూసి చెబుతారండీ? మన్ను చూడండి," అనేసింది సింగారమ్మ. "మా నేల ఎరుపు. మా దుంపకి ఎర్రమన్ను అంటుకుని వస్తుంది. ఇతను తెచ్చేదానికి వాగు అవతలి నల్లమన్ను ఉంటుంది. పిల్లలక్కూడా తెలిసిపోతుంది."

కొండెక్కే పని తప్పినందుకు జోగారావు మొహం వికసించింది. "భేషుగ్గా ఉంది. ఎర్రమన్ను ఉంటే మనది, లేకపోతే బయటిది. అదే తీర్పు."

కిందికి వాలిన పానకాలు తోక మెల్లగా మళ్లీ లేచింది.

తిరిగి వచ్చేటప్పుడు సన్యాసమ్మ సగం దూరం మాట్లాడలేదు. మిగతా సగం ఆపలేదు. "నీ నోటికి ఒక గొళ్లెం పెట్టించుకో వదినా. వాడి ముందే గుట్టంతా విప్పావు. నల్లమన్ను వాగులో కడిగేసి, మన వాలు మీది ఎర్రమన్నే పూసుకొస్తాడు. అప్పుడేం చేస్తావు?"

సింగారమ్మ కాళ్లు అక్కడే ఆగిపోయాయి. నిజమే. తన నోరే తన దుంపల మీద మట్టి కప్పింది. చెల్లెలి మెడలోని ప్లాస్టిక్ చట్రం కళ్లముందు ఆడింది.

వెనక ఆకులు గలగలమన్నాయి. పానకాలు. నవ్వుతూ వస్తున్నాడు.

"సింగారమ్మక్కా, నా మీద కోపమా?"

"కోపం దేనికి తమ్ముడూ."

"ఒక్క సందేహం. ఆ ఎర్రమన్ను దుంపకేనా, అన్నిటికీనా? నా పొలంలో చిక్కుడుంది, బొప్పాయి ఉంది, మునగ ఉంది. అన్నీ పనివాళ్లే చూస్తారు. నేను అంతగా గమనించలేదు."

సన్యాసమ్మ నోరు తెరవబోయింది. సింగారమ్మ వెనక్కాలితో ఆమె పాదం తొక్కింది. ఒక్కసారిగా సింగారమ్మకి విషయం అర్థమైంది. ఇన్నేళ్లు కూరలమ్మి బతికిన ఈ మహానుభావుడు కూరగాయని గోనెసంచిలో తప్ప ఎక్కడా చూడలేదు.

"ఏ పంటైనా నేలని నమ్ముకునే కదా బతికేది పానకాలూ," అంది తీరిగ్గా.

"అంటే మునక్కాయక్కూడా..."

"నీ పొలం, నీ మునక్కాయ. నన్నడుగుతావేంటి? పోనీ ఇంటికెళ్లి మీ ఆవిడ తిరపతమ్మని అడుగు. ఆమె పుట్టిల్లు తోటల పక్కనేగా."

పానకాలు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఆడదాన్ని అడిగి వ్యాపారం చేసే ఖర్మ మా వంశంలో ఎవరికీ పట్టలేదక్కా," అని తోక ఊపుకుంటూ వెళ్లిపోయాడు.

సింగారమ్మ అతని వెనకే చూసింది. "అడగమని చెప్పాను. నువ్వు విన్నావుగా," అంది.

"విన్నాను," అంది సన్యాసమ్మ పాదం నిమురుకుంటూ. "విరిగిందేమో కూడా."

సంతరోజు బువ్వశాల ముందు అడవంతా చేరింది. సింగారమ్మ దుంపలు ఒక కుప్ప, సన్యాసమ్మ చిక్కుళ్లు ఒక కుప్ప. అవతల పానకాలు సరుకు, పైన టేకు ఆకులు కప్పి. అద్దె గాడిద పక్కనే నిలబడి ఉంది. పానకాలు భార్య తిరపతమ్మ కొంగులాగా తోకని మొహానికి అడ్డం పెట్టుకుని చెట్టు చాటున నుంచుంది.

జోగారావు ముందు సింగారమ్మ కుప్ప చూశాడు. దుంపలకి ఎర్రమన్ను. తల ఊపాడు. చిక్కుళ్ల దగ్గరికి వచ్చాడు. పందిరి మీద గాలికి పెరిగిన కాయలు, నవనవలాడుతున్నాయి. మన్ను లేదు.

"దీనికి మన్ను లేదే," అన్నాడు.

"ఎందుకుంటుందండీ..." అని సన్యాసమ్మ మొదలుపెట్టేలోగా పానకాలు టేకు ఆకులు లాగేశాడు.

చూసినవాళ్లందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. దుంపలు, చిక్కుళ్లు, బొప్పాయిలు, కట్టలు కట్టిన మునక్కాయలు, అన్నీ ఒకే ఎరుపు. కుమ్మరి ఆరబెట్టిన కుండల్లాగా ఉన్నాయి. ఒక్క కాయకి కూడా అన్యాయం చేయలేదు పానకాలు. ఆ కట్టల్లో ఉన్నవి మునక్కాయలో, ఎండుపుల్లలో పోల్చడం కూడా కష్టం.

జోగారావు కళ్లు చిట్లించాడు. ఉదయం తాగిన తేనె ఇంకా మత్తుగా ఉంది. "తీర్పు తీర్పే కదా," అన్నాడు నెమ్మదిగా. "వీళ్లది సగానికే ఎర్రమన్ను. పానకాలు సరుకుకి మొత్తం ఎర్రమన్నే."

పానకాలు చేతులు కట్టుకుని వినయంగా తల వంచాడు. సన్యాసమ్మ సింగారమ్మ వైపు తిరిగింది. ఆ చూపులో చెత్తకుప్పలు కనబడ్డాయి.

"అయ్యా, తీర్పు చెప్పండి, కాదనను," అంది సింగారమ్మ. "ముందు ఒక్క మాట అడగనివ్వండి, నాలుగు విషయాలు నేర్చుకుంటాను. పానకాలూ, చిక్కుళ్లు బాగా ఊరాయి. ఎంత లోతున తవ్వావు?"

"జానెడు," అన్నాడు పానకాలు, తడుముకోకుండా.

"బొప్పాయిలు?"

"మూరెడు. కాయ పెద్దది కదా, చోటు కావాలి."

"మరి ఆ పుల్లలు?"

"పుల్లలు కావక్కా, మునక్కాయలు. మోకాటి లోతు తవ్వాం. పొడుగు కాయ, నిలువునా దిగిపోతుంది. విరగకుండా పైకి లాగాలంటే చెయ్యి తిరిగినవాడు ఉండాలి."

ముందు ఒక కోతి పకపకమంది. దాని వెనక లేళ్లు, లేళ్ల వెనక పిల్లలు, చివరికి గాడిద. గాడిద నవ్వితే ఇక దాచడానికేమీ మిగలదు. పానకాలు కూడా కలిసి నవ్వాడు, ఎందుకో తెలియకపోయినా నలుగురితో పాటు ఉండటం మంచిదని.

జోగారావు మాత్రం నవ్వలేదు. తేనె మత్తు దిగిపోయింది. "మోకాటి లోతా?" అన్నాడు.

"ఇంకా లోతు తవ్వమంటారా?"

"నేను కాలు విరగ్గొట్టుకున్నది ఏ చెట్టు మీదనుంచి పడో తెలుసా నీకు?"

"తేనెచెట్టు అని విన్నానండీ."

"మునగచెట్టయ్యా. నడిమికి పటుక్కుమంది కొమ్మ. దొరికిన మునక్కాయనల్లా పట్టుకుంటూ కిందికొచ్చాను, ఒక్కటీ ఆపలేదు. ఆకాశం నుంచి పడ్డవాడికి నేలలోంచి తవ్వానని చెబుతావా?"

పానకాలు నవ్వు మీసాల దగ్గరే ఆగిపోయింది. తోక కాళ్ల మధ్యకి చేరింది.

"నీ సరుకు ఏ నేలదో నాకు తెలీదు," అన్నాడు జోగారావు. "ఏ నేలా నీది కాదని మాత్రం తెలిసింది. ఎత్తు ముందు ఇక్కణ్ణుంచి." అద్దె గాడిద అప్పటికే వెళ్లిపోయింది కాబట్టి పానకాలు ఆ మూటల్ని తన వీపునే మోసుకుని వాగు దారి పట్టాడు.

బువ్వశాలకి సింగారమ్మ దుంపలూ, సన్యాసమ్మ చిక్కుళ్లూ తీసుకున్నారు. వచ్చే పంట కూడా తీసుకుంటామన్నారు. "చాటింపులో రైతు పేరు చెప్పాలి," అన్నాడు జోగారావు. "మీ ఆయన పేరేంటమ్మా?"

"ఆ దుంపలు ఆయన్ని ఎప్పుడూ చూడలేదండీ, పేరు చెబితే కంగారుపడతాయి. సింగారమ్మ అని వేయించండి. చిక్కుళ్లకి సన్యాసమ్మ అని."

వడ్రంగిపిట్ట ఆ రెండు పేర్లూ కొట్టింది. అడవి చివర బురదగుంటలో ఒక తల పైకి లేచి, "మన దుంపలు కొన్నారంటగా" అంది. ఎవరూ పలక్కపోయేసరికి మళ్లీ మునిగింది.

మర్నాడు పొద్దున సింగారమ్మ తీగలు కత్తిరిస్తుంటే గట్టు మీదికి తిరపతమ్మ వచ్చింది.

"ఆయన ఇంకా వాగులో మునక్కాయలు కడుగుతున్నాడు," అంది.

"నీకు తెలీదా తిరపతమ్మా, మునక్కాయ చెట్టుకి కాస్తుందని?"

"తెలియకేం. మట్టి కలుపుతుంటే చెప్పబోయాను. నీకేం తెలుసు, నోర్మూసుకుని నీళ్లు పొయ్యి అన్నాడు." తిరపతమ్మ తన పంజాల్లోని ఎర్రమన్ను చూసుకుంది. "నోర్మూసుకున్నాను. నీళ్లు పోశాను. మట్టి చిక్కగా పట్టాలని రెండు కడవలు ఎక్కువే పోశాను."

సింగారమ్మ పడీపడీ నవ్వింది. తిరపతమ్మ కూడా నవ్వింది, ఈసారి తోక అడ్డం పెట్టుకోకుండా.

"గుట్ట వెనక రాళ్లు ఏరితే కొంచెం నేల తేలుతుందేమో అనుకుంటున్నాను," అంది. "ఆయన అన్న అబద్ధంలో నేనైనా ఏదో ఒకటి పండిస్తే..."

సింగారమ్మ కత్తిరించిన తీగల్లోంచి బలమైనవి ఏరి ఆమె ముందు పెట్టింది. "కణుపు మన్నులోకి పోయేలా నాటుకో. ఇది మాత్రం నేలలోనే ఊరుతుంది."

నీకేం తెలుసని ఇంట్లో నోళ్లు మూయించేవాడిని బయట పట్టించడానికి ఇంకెవరూ అక్కర్లేదు, వాడి నోరే చాలు.