కోడి పరిచిన గడ్డి జోళ్లు

ఎర్రగుట్ట కింద ఉన్నది ఒక్కటే చెలమ. తెల్లారి మొదట దిగినవాళ్లకు తేటనీళ్లు, చివర దిగినవాళ్లకు బురద. మరి ముందు ఎవరు దిగాలి? దీని మీద కుమ్ముకుని కుమ్ముకుని సగంమందికి కొమ్ములు విరిగాక, అక్కడి జంతువులకు బుద్ధొచ్చి ఒక కట్టుబాటు పెట్టుకున్నాయి. వానలు వెనకపట్టి బాట గట్టిపడగానే ఏటా ఒక పందెం. గుట్ట చుట్టూ పన్నెండు చుట్లు పరుగెత్తాలి. గెలిచినవాళ్ల మందకు మళ్లీ పందెం దాకా, అంటే ఏడాది పొడుగునా, తొలి నీళ్లు.

మూడేళ్లుగా ఈ పందెం గెలుస్తున్నది చెంగల్రాయుడనే గుర్రం. వాడికి ఎత్తులు చెప్పేది శేషావతారమనే నక్క. గుర్రం నక్కను మామా అంటుంది, నక్క గుర్రాన్ని అల్లుడూ అంటుంది. ఏ వరసన అని అడక్కండి, తేటనీళ్ల వరసన.

ఈ ఏడు గాడిదల తరఫున ఓబులమ్మ దిగింది. ఆమెకు ఎత్తులు చెప్పేది పుల్లమ్మనే కోడి. అది విని గుట్ట గుట్టంతా పొట్ట పట్టుకుని నవ్వింది.

"నవ్వనీ వదినా," అంది ఓబులమ్మ. "కానీ ఈసారీ బురదే అయితే మా అమ్మ ఎండాకాలం దాటదు. కడుపునొప్పితో రోజంతా మూలుగుతోంది."

"దాటుతుందిలే. నువ్వు కాళ్లు చూసుకో, కళ్ల పని నాకొదిలెయ్," అంది పుల్లమ్మ.

కాళ్ల సంగతి ఎందుకొచ్చిందంటే, ఆ బాట నిండా పల్లేరుకాయలు. ఉత్త కాళ్లతో పది అడుగులు కూడా వెయ్యలేరు. అందుకని గడ్డితో పేనిన జోళ్లు తొడుక్కుంటారు. ఒక్కొక్కరికీ రెండు సెట్లే. తెంపి విప్పాల్సిందే కాబట్టి, ఒకసారి విప్పినవి మళ్లీ తొడగడానికి పనికిరావు. ఏ సెట్టయినా ఏడు చుట్లు ఆగుతుంది, ఎనిమిదో చుట్టులో పిప్పి పిప్పి అయిపోతుంది. కాబట్టి పందెం మధ్యలో ఒకసారి ఆగి మార్చుకోవాలి. ఎప్పుడు ఆగాలన్న దాంట్లోనే ఉంది కిటుకంతా.

పందేనికి ముందురోజు ఒంటరి పరుగు. ఒక్కొక్కరూ విడిగా ఒక్క చుట్టు తిరగాలి. ఎవరు తొందరగా తిరిగితే మర్నాడు వాళ్లు ముందు వరసలో నిలబడతారు. కాలం కొలిచేది ముసలి ఎద్దు బసవన్న తాత. ఎలా అంటారా? నెమరేస్తూ. తాత నెమరు తాళం తప్పదని ఆ గుట్టకంతా నమ్మకం.

జింక చప్పుడుకు బెదిరి పొదల్లో దూరి మళ్లీ కనపడలేదు. పొట్టేలు దారిలో ఒక బండను చూసి, అదేదో తనను ఎగాదిగా చూసిందని ఢీకొని అక్కడే కూలబడింది. ఓబులమ్మ నలభై రెండు నెమర్లలో చుట్టొచ్చింది. అప్పటిదాకా చెంగల్రాయుణ్ణి ఆపి ఉంచిన నక్క, ఆ లెక్క చెవిన పడ్డాకే వాణ్ణి వదిలింది. గుర్రం నలభై నెమర్లలో వచ్చి తోక ఎగరేసింది.

"చూశావా అల్లుడూ? గాడిదకేం తెలుసు గంధప్పొడి వాసన!" అంది నక్క.

ఓబులమ్మ ముఖం చిన్నబుచ్చుకుంది. "రెండు నెమర్లు తేడా వదినా. పన్నెండు చుట్లకు అరచుట్టు పైనే అవుతుంది. పోయింది."

"వాడి కాళ్లు చూసి నువ్వు బెంబేలు పడుతున్నావు. నేను నక్క కళ్లు చూశాను," అంది పుల్లమ్మ. "పొద్దుటినుంచి ఆ మహానుభావుడు తన గుర్రం వంక ఒక్కసారి చూస్తే ఒట్టు. మనం నీళ్లు తాగితే చూశాడు, మనం కాలు విదిలిస్తే చూశాడు. రేపు కూడా చూస్తాడు. చూడనిద్దాం. నువ్వు మాత్రం ఆరు చుట్లయ్యేదాకా ఆగొద్దు. నేను రెక్కలు ఊడేలా అరిచినా సరే, ఆగొద్దు."

మర్నాడు పందెం మొదలైంది. చెంగల్రాయుడు ముందు, ఓబులమ్మ వెనక. మూడు చుట్లయ్యాయి. నాలుగోది తిరుగుతుండగా పుల్లమ్మ లేచి, కొత్త జోళ్లు నాలుగూ లాగి బాట పక్కన వరసగా పరిచింది. ఒక్కొక్కదాన్నీ ముక్కుతో సర్దింది. ఇక మొదలుపెట్టింది చూడండి, కొక్కొక్కో అని గుట్ట అదిరేలా!

నక్క చెవులు నిక్కబొడుచుకున్నాయి. "అమ్మ కోడీ! ఇప్పుడే మార్పిస్తుందన్నమాట. కొత్త జోళ్లతో గాడిద దూసుకొస్తే మావాడు పాత జోళ్లతో ఈడుస్తుంటాడు. నా ముందా మీ ఎత్తులు? అల్లుడూ! రా! ఆగు!"

"ఇప్పుడేమిటి మామా? ఇవి ఇంకా గట్టిగానే ఉన్నాయి. ఆరు దాకా పోదామన్నావుగా?" అన్నాడు చెంగల్రాయుడు రొప్పుతూ.

"పరుగెత్తేవాడివి పరుగెత్తు, ఆలోచించడానికి నేనున్నాను! కాలెత్తు!"

గుర్రం కాలెత్తింది. నక్క గబగబా నాలుగు జోళ్లూ మార్చింది. సరిగ్గా అప్పుడు ఓబులమ్మ వచ్చింది. వచ్చి, పక్కకైనా చూడకుండా, టకటకా ముందుకెళ్లిపోయింది. పుల్లమ్మ తాపీగా జోళ్లన్నీ కుప్ప చేసి, వాటి మీద పొదిగినట్టు కూర్చుంది.

నక్క నోరు తెరుచుకుంది. "ఏమే! ఆగలేదేం?"

"ఎందుకాగుతుంది అన్నా? ఇంకా నాలుగేగా అయ్యాయి."

"మరి అంత గోల చేశావు?"

"గుడ్డు వచ్చేలా అనిపించింది. రాలేదు," అంది పుల్లమ్మ.

నక్క వేళ్లు మడిచి లెక్కేసుకుంది. మిగిలినవి ఎనిమిది చుట్లు. జోళ్లు ఆగేది ఏడు. మళ్లీ లెక్కేసింది. అప్పుడూ ఎనిమిదే.

ఓబులమ్మ ఆరు చుట్లయ్యాక ఆగి, నింపాదిగా మార్చుకుని కదిలింది. చెంగల్రాయుడు ఆమెను దాటి అరచుట్టు ముందుకెళ్లాడు. పదోది, పదకొండోది... నక్క మాత్రం ఇంకా వేళ్లు మడుస్తూనే ఉంది. పన్నెండో చుట్టు సగంలో, గుట్ట అవతల, గుర్రం కాళ్లకింద గడ్డి పోగులు పోగులుగా విడిపోయింది. ఒక పల్లేరుకాయ, రెండు, పది! చెంగల్రాయుడు కుయ్యోమంటూ ఒక్కొక్క కాలే ఎత్తి దించుతుంటే, వెనకనుంచి టకటకమని ఓబులమ్మ వచ్చింది.

"పక్కకు జరుగు నాయనా, ముళ్లున్నాయి," అని వెళ్లిపోయింది. గెలిచింది. కోడి ఈసారి నిజంగానే కూసింది.

మర్నాడు తెల్లారి ఓబులమ్మ తన ముసలితల్లిని మెల్లగా చెలమ గట్టు దాకా నడిపించింది. ముసలామె ఒక గుక్క తాగి, నీళ్లలో తన ముఖం కనపడేసరికి, కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయింది. మూడేళ్లయింది మరి ఆమె ఆ ముఖం చూసి!

వెనక వరసలో గుర్రం కుంటుతూ నిలబడింది. నక్క దాని కాలు ఒళ్లో పెట్టుకుని పళ్లతో ముళ్లు పీకుతోంది. దాహానికి అల్లుడి నాలుక పిడచకట్టుకుపోతుంటే చూడలేక, చివరికి లేచి ఓబులమ్మ దగ్గరికెళ్లి చేతులు కట్టుకుంది. అంతటి వసుదేవుడే గాడిద కాళ్లు పట్టుకున్నాడట, నక్కదెంత!

"పాపం నాది. వాడికో గుక్క..." అంది నక్క.

"వరస తప్పించలేం అన్నా. కానీ బెంగపడకు," అంది ఓబులమ్మ. "మేం గట్టునే నిలబడి తాగుతాం. బురదెలా ఉంటుందో మాకు తెలుసు."

అన్నట్టే గాడిదలన్నీ తాగాక కూడా నీళ్లు తేటగానే ఉన్నాయి. చెంగల్రాయుడు తలొంచుకుని తాగాడు. నక్క కూడా తాగబోతూ, అలవాటు కొద్దీ, పుల్లమ్మ ఎలా తాగుతుందోనని ఓరగా చూసింది.

"నీ నీళ్లు నువ్వు తాగు మామా!" అన్నాడు చెంగల్రాయుడు.

పక్కింటి పొయ్యి మీదే కన్నేసి కూర్చుంటే, మనింట్లో కూర మాడుతుంది.